ట్రైలరు వెనక వేసిన కుర్చీ

మొన్న ముక్తేశ్వరం నుంచి అమలాపురం వస్తుంటే దారిలో వాన పట్టుకుంది. నేనెక్కిన ఆటో ముందు కొబ్బరికాయల లోడుతో ఒక ట్రైలరు పోతోంది. మలుపు దగ్గర అది బ్రేకు వేసింది. వెనక రెండు ఎర్రలైట్లూ ఒకేసారి, ఒకే వెలుగుతో, కళకళలాడుతూ వెలిగాయి. నాకు తెలియకుండానే పైకి అనేశాను, ఎంత బాగా వెలిగాయో అని. ఆటో ఆయన అద్దంలోంచి నా వంక అనుమానంగా చూసి, మీ వాళ్ల బండాండీ అని అడిగాడు. కాదన్నాను. ఎవరిదో తెలియని బండి వెనక లైట్లు చూసి కళ్లు తుడుచుకునే ఆడది ఈ సీమ మొత్తం మీద నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఏం చేయను, మా బాబాయిగారు పోయి ఇంకా ఏడాది కాలేదు.

బాబాయిగారంటే వరసకి కాదు. నేను పనిచేసిన రొయ్యల కంపెనీ యార్డులో అందరికీ ఆయన బాబాయిగారే. డ్రైవర్లకీ ఆయనే బాబాయిగారు, ఐసు మోసేవాళ్లకీ ఆయనే బాబాయిగారు, ఆయన కన్నా పెద్దవాడైన వాచ్‌మన్‌కి కూడా. అసలు పేరు జీతాల రోజున తప్ప వినపడేది కాదు. నేనూ ఇక్కడ రాయను.

మా కంపెనీకి రొయ్యలు తెచ్చే ట్రైలర్లు ఉండేవి. వాటి లైట్లు పాడైతే బాగుచేసే పని బయటి కాంట్రాక్టరుకి ఇచ్చారు. ఆ కాంట్రాక్టరు చేసిన పని చూసి, బాగుందనో లేదనో తేల్చి సంతకం పెట్టడం బాబాయిగారి ఉద్యోగం. ఆ సంతకం పడితేనే బండి గేటు దాటాలి. నాది డిస్పాచ్. ఏ చెరువుకి ఏ బండి ఎప్పుడు వెళ్లాలో చూసి పంపించేదాన్ని. కాబట్టి ఆయన ఆపిన ప్రతి బండికీ రైతుల చేత తిట్లు తినేది నేను. మా ఇద్దరికీ చుక్కెదురని యార్డంతా అనుకునేవారు. అందులో అబద్ధమేమీ లేదు.

మనిషి మాత్రం పెళ్లికి బయల్దేరినట్టుండేవారు. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, నల్లగా రంగేసిన జుట్టు, చేతిరుమాలుకి మల్లెపూల సెంటు. యార్డంతా రొయ్యల నీచు వాసనైతే ఆయన నిలబడ్డ మూల మాత్రం పూలకొట్టు. తన గురించి తాను చెప్పుకోవడానికి మొహమాటపడేవారు కాదు. డిప్లొమా ఫస్టు క్లాసులో ప్యాసయ్యానని కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ చెప్పేవారు. తాను చూసి పంపిన బండి వెళ్తుంటే వెనకనుంచి పెళ్లి ఊరేగింపులా ఉంటుందని కోతలు కోసేవారు. మేం నవ్వుకునేవాళ్లం. అయినా తెల్లవారుజామున గేటులోంచి బండ్లు వరసగా వెళుతుంటే ఆ మాట గుర్తొచ్చి ఒకసారి వెనక్కి తిరిగి చూడని వాళ్లు లేరు.

మా ట్రైలర్లన్నిటికీ ఒకటే జబ్బు. రొయ్యల్ని ఐసుతో కలిపి పెట్టెల్లో సర్దుతారు. ఐసు కరిగిన నీళ్లు ఉప్పుని వెంటబెట్టుకుని వెనక తలుపు కిందనుంచి జారి లైట్ల వైర్ల మీద పడతాయి. కాంట్రాక్టరు షెడ్డులో బండి ఖాళీగా, పొడిగా ఉంటుంది కనుక అక్కడ అన్ని లైట్లూ బ్రహ్మాండంగా వెలుగుతాయి. చెరువుగట్టు మీద లోడెత్తి, కాలవ రోడ్డెక్కాక ఏదో ఒకటి కన్ను మూస్తుంది. బండి మళ్లీ షెడ్డుకి పోతుంది. అక్కడ బల్బు మారుస్తారు. వెలుగుతుంది. మళ్లీ పోతుంది.

దీనికి ఇంకొకరైతే కాంట్రాక్టరుని పిలిచి నాలుగు చీవాట్లు పెట్టేవారు. బాబాయిగారి నోట చీవాటు అన్నది నేనెప్పుడూ వినలేదు. బాగాలేదు అన్న మాట కూడా వినలేదు. ఆయన కాంట్రాక్టరుకి మర్యాదలు చేసేవారు.

బాగుచేసిన బండి రాగానే అందులో ఐసు పెట్టెలు ఎక్కించి, లైట్లు వేసి ఉంచమనేవారు. ట్రైలరు వెనక నీడలో ఒక కుర్చీ వేయించి దాన్ని చేతిరుమాలుతో స్వయంగా తుడిచేవారు. అప్పుడు కాంట్రాక్టరుని భుజం మీద చెయ్యేసి తీసుకొచ్చి, లైట్లకి ఎదురుగా కూర్చోబెట్టేవారు. ముందు కొబ్బరిబోండాం. తరవాత పెసరట్టు, ఉప్మా. ఆ తరవాత కాఫీ. మధ్యలో అమ్మాయి పెళ్లి సంగతులు, మురమళ్ల వీరేశ్వరస్వామికి కళ్యాణం చేయించిన సంగతులు, బావగారి మోకాళ్ల నొప్పులు. వియ్యంకుడొస్తే కూడా మా ఇళ్లలో అంత చేయరు. ఈ ముచ్చట్లన్నీ ఐసు కరిగి, ఆ నీళ్లు కారి, లైట్ల సంగతి తేలే దాకా నడిచేవి. లైట్లు తట్టుకుంటే తాంబూలమిచ్చినట్టు సంతకం పెట్టి సాగనంపేవారు. తట్టుకోకపోతే కాంట్రాక్టరు కళ్లతోనే కాంట్రాక్టరు చూసేవాడు. మధ్యలో బాబాయిగారు చెప్పవలసిందేమీ ఉండేది కాదు.

ఆ కాంట్రాక్టరు అంబాజీపేట వైపు మనిషి. దొంగ కాదు, తొందర మనిషి. మూడు ఊళ్ల పని నెత్తిన వేసుకుని ఎక్కడా నిలవని రకం. అతనికి ఆ కుర్చీ ముళ్లకంప. కానీ అతనూ గోదావరి నీళ్లు తాగినవాడే కదా, పెట్టిన విస్తరి ముందునుంచి లేచిపోవడం ఎలా? అందుకని ఎత్తులు వేసేవాడు. ఇవాళ శనివారం, ఉపవాసమండి అనేవాడు. బాబాయిగారు అరటిపళ్ల గెల తెప్పించేవారు. షుగరొచ్చిందండి అన్నాడోసారి. అయ్యో అని నొచ్చుకుని చక్కెర లేని కాఫీ, ఇంటినుంచి జంతికలు. ఇంట్లో చుట్టాలొచ్చారంటే, వాళ్లని కూడా ఇక్కడికే రమ్మనండి, భోజనాలు చేద్దాం అన్నారు. వాళ్లిద్దరి అండీలూ ఆయ్‌లూ వింటూ నేను ఆఫీసు కిటికీలోంచి పళ్లు నూరుకునేదాన్ని. అక్కడ రైతు ఫోను, ఇక్కడ పెసరట్టు.

ఒక ఏడాది పుష్యమాసంలో అల్లవరం చుట్టుపక్కల చెరువులకి తెల్లమచ్చ తెగులు తగిలింది. అది తగిలితే ఆలోచించడానికి వ్యవధి ఉండదు. ఉన్న రొయ్యనంతా ఆ పూటే పట్టేసి, ఐసులో పెట్టి, కంపెనీకి చేర్చాలి. లేకపోతే చెరువులోనే చస్తుంది. మా తమ్ముడు చెరువు కూడా అందులో ఉంది. తెల్లారకముందే రొయ్యల పట్టుబడి మొదలుపెట్టి నాకు ఫోను చేశాడు. మా బండ్లన్నీ అప్పటికే తలో చెరువుకీ పోయాయి. మిగిలింది ఒక్కటే, అప్పుడే కాంట్రాక్టరు షెడ్డునుంచి వచ్చి నిలబడింది. కుడివైపు బ్రేకులైటు పని. కాంట్రాక్టరు కూడా దానితోపాటే వచ్చాడు.

నేను పరుగెత్తుకుంటూ యార్డులోకి వెళ్లేసరికి కుర్చీ వేసేశారు. పెట్టెలెక్కించేశారు. బాబాయిగారు బోండాం కొట్టిస్తున్నారు.

సంగతి చెప్పాను. తమ్ముడి చెరువని కూడా చెప్పాను. ఆయన ముఖం నిజంగానే మారింది. అయ్యో అమ్మాయిగారూ అన్నారు. కానీ బండికి అడ్డంగా నిలబడ్డ మనిషి అంగుళం జరగలేదు. ఎడమ లైటు బాగానే ఉంది కదా, ఒక్కరోజుకి ఏమవుతుంది అని నేను, ఆయ్ నిజమేనండి అని కాంట్రాక్టరు. బాబాయిగారు మా ఇద్దరినీ గేటు దాకా తీసుకెళ్లి రోడ్డు చూపించారు. మంచు ఇంకా విడలేదు. కాలవగట్టు మీద చెట్లు కూడా కనిపించడం లేదు.

"ఎడమది ఒక్కటే వెలిగిందనుకోండి, ఈ మంచులో వెనకొచ్చేవోడికి అది మోటారుసైకిలనిపిస్తాదండి. పక్కకి తప్పించి ముందుకెళ్లిపోదామని కుడికి లాగుతాడు. అక్కడ లైటు లేని ట్రైలరుంటాదండి. ఇంకో గంటలో బడి ఆటోలు మొదలవుతాయి అమ్మాయిగారూ."

వెలుగుతోంది కదా మరి అన్నాను. నిజమే, లోపల కుడి లైటు ఎర్రగా వెలుగుతూనే ఉంది. ఐసు కరగాలండి అన్నారు ఆయన.

నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇక్కడ ఐసెప్పుడు కరుగుతుందా అని మీరు చూస్తున్నారు. అక్కడ ఐసు కరిగిపోతోందని మా తమ్ముడు ఏడుస్తున్నాడు బాబాయిగారూ."

ఆయన తలదించుకున్నారు. తప్పుకోలేదు మాత్రం. నేను యజమానికి ఫోను చేశాను. మా యజమానిని అందరం బాబుగారనేవాళ్లం. బాబుగారు బాబాయిగారికి ఫోను చేసి, సంతకం పెట్టి పంపించేయమన్నారు. ఫోనులో గట్టిగా అరవడం నాకు కూడా వినబడింది. బాబాయిగారు ఆయ్ బాబూ, ఆయ్ బాబూ అని ఎంతో వినయంగా విని, ఫోను జేబులో పెట్టుకుని, కాంట్రాక్టరుకి ఇంకో పెసరట్టు వేయించారు.

తరవాత ముగ్గురం ఆ లైటునే చూస్తూ ఉండిపోయాం. తమ్ముడి ఫోను వస్తూనే ఉంది. ఎత్తి ఏం చెప్పను? చివరికి బండి వెనక తలుపు కిందనుంచి నీటిచుక్కలు కారడం మొదలైంది. కాసేపు ఏమీ కాలేదు. ఇక పంపేయొచ్చని నేను డ్రైవరుకి సైగ చేయబోతుంటే కుడి లైటు ఒకసారి మినుక్కుమంది. ఇంకోసారి మినుక్కుమని ఆరిపోయింది.

కాంట్రాక్టరు చేతిలో కాఫీ గ్లాసు ఉంది. దాన్ని నెమ్మదిగా కింద పెట్టాడు. అతను చొక్కా చేతులు మడిచి తనే బండి కిందకి దూరాడు. పనివాళ్లు బల్బు మార్చారు గానీ, లైటునుంచి వచ్చే ఎర్త్ వైరుని బండి రంగు మీదనే బిగించేశారు. పొడిగా ఉన్నంతసేపు ఎలాగో పట్టుకుంటుంది, తడి తగలగానే వదిలేస్తుంది. అతను అక్కడి రంగంతా గీకి, ఇనుము తేల్చి, వైరు బిగించి, పైన గ్రీజు పూసి బయటికొచ్చాడు. లైటు వెలిగింది. ఈసారి కూర్చోమని ఎవరూ అనలేదు. తనే కుర్చీలో కూర్చుని ఆ నీళ్లు కారుతుంటే లైటునే చూశాడు. ఇంక పంపండి అన్నది కూడా అతనే.

బాబాయిగారు సంతకం పెట్టి, అదే బండి ఎక్కి మా తమ్ముడి చెరువుకి వెళ్లారు. నేనూ స్కూటరు మీద వెనక వెళ్లాను. మంచు విడిపోయింది. గట్టు మీద ఐసు చాలక అడుగున ఉన్న సరుకు మెత్తబడింది. మంచిది ఏరగా మిగిలిన కుప్ప పక్కన పడి ఉంది. ఆ చెరువు మీద మా తమ్ముడు పడిన కష్టం నాకు తెలుసు. వాడు ఆ కుప్ప దగ్గరే కూర్చుని ఉన్నాడు. బాబాయిగారు ఇస్త్రీ ప్యాంటుతోనే బురదలోకి దిగి వాడి ముందు నిలబడ్డారు.

"ఆలస్యం నావల్లే జరిగింది బాబూ. అక్కగారి తప్పు లేదు, కంపెనీ తప్పూ లేదండి. నన్ననండి."

మా తమ్ముడు లేచి అటు తిరిగి వెళ్లిపోయాడు. బాబాయిగారు సాయంత్రం దాకా అక్కడే ఉండి, కూలీలతో పాటు పెట్టెలకి ఐసు కొట్టి, అదే బండిలో తిరిగొచ్చారు. ఆ రోజు సెంటు వాసన లేదు. గంజి చొక్కా చూడ్డానికి లేదు. ఆయన మాత్రం ఎప్పటిలాగే తలెత్తుకుని గేటులోకి నడిచారు. నాకు ఆ మనిషి మీద కోపం, గౌరవం రెండూ ఒకేసారి ముంచుకొచ్చి, అన్నం తినబుద్ధి కాలేదు.

రైతులు ఊరుకుంటారా? నలుగురైదుగురు కలిసి బాబుగారి దగ్గరికి వెళ్లారు. అందులో మా తమ్ముడూ ఉన్నాడు. బాబాయిగారు తన మాట పక్కన పెట్టారన్న మంట బాబుగారికి ముందే ఉంది. మర్నాడు బాబాయిగారినీ, కాంట్రాక్టరునీ, నన్నూ తన గదికి పిలిపించారు. ఇకమీదట చూడ్డాలూ కూర్చోబెట్టడాలూ వద్దు, కాంట్రాక్టరు బాగుందంటే బండి వెళ్లిపోతుంది, ఈయన్ని స్టోర్సులో వేస్తాను అన్నారు. బాబాయిగారు చేతులు వెనక్కి కట్టుకుని కిటికీలోంచి యార్డు వైపు చూస్తున్నారు. సంతకాలు పెట్టే పెన్నుని ఆ చేతుల్లో గట్టిగా పట్టుకుని ఉండడం వెనక నిలబడ్డ నాకు కనిపించింది. అప్పుడు తెలిసింది నాకు, ఆ మనిషికి ఈ ప్రపంచంలో ఉన్నది ఆ పనొక్కటేనని.

కాంట్రాక్టరుకి పండగే అనుకున్నాం. ఏళ్ల తరబడి తిన్న పెసరట్లకి విముక్తి. బాబుగారు అతని వైపు తిరిగి, నీకు సమ్మతమే కదా అన్నారు. అతను చేతులు నలుపుకున్నాడు.

"చిత్తం బాబూ. కానీ నాకొద్దండి. మా పనోళ్లకి నేను చెప్తే సగం చేస్తారండి, బాబాయిగారు చూస్తారంటే మొత్తం చేస్తారు. ఆయన చూడని బండి నా పేరు మీద రోడ్డెక్కితే నాకు నిద్ర పట్టదండి. ఆయన్ని తీసేస్తే ఈ పని ఇంకోళ్లకి ఇచ్చేయండి బాబూ."

బాబుగారు నా వంక చూశారు. నీ తమ్ముడి సరుకే కదమ్మా పోయింది, నువ్వేమంటావు అని అడిగారు. సరుకు పోయిన మాట నిజమేనండి, మా తమ్ముడు నాతో మాట్లాడ్డం లేదండి, అయినా సంతకం ఆయనదే ఉండాలండి అన్నాను. బాబుగారు చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు. చివరికి, సరే మీ ఖర్మ, పొండి అన్నారు. ఆయన దగ్గర అంతకన్నా మంచి మాట ఆశించకూడదు.

బయటికొచ్చాక బాబాయిగారు మా ఇద్దరికీ నమస్కారం పెట్టబోతే కాంట్రాక్టరు ఆయన చేతులు పట్టుకుని ఆపేశాడు.

ఆ తరవాత ఆయన ఉన్నన్నాళ్లూ మా బండ్లకి లైట్లు లేక ఎవరికీ ఏమీ జరగలేదు. జరగనిదాన్ని ఎవరు లెక్కేస్తారు? చేతులు కాలితే ఆకులు తెచ్చేవాళ్లని అందరూ చూస్తారు గానీ, కాలకుండా చూసినవాడు ఎవరికి కనిపిస్తాడు? ఆయన పోయినప్పుడు ఊళ్లో ఎవరూ పెద్దగా చెప్పుకున్నదీ లేదు. అందుకే ఈ నాలుగు మాటలూ గొప్పగానే రాస్తున్నాను. గొప్పలంటే ఆయనకి ఇష్టం కూడాను.

ఒక్కటి చెప్పి ముగిస్తాను. మా తమ్ముడు పుష్యమాసంలో మాట్లాడ్డం మానేసినవాడు, శివరాత్రికి మా ఇంటికి రాలేదు, ఉగాదికీ రాలేదు. దాళ్వా వరి కోతలు రేపో మాపో అనగా ఒకరోజు పొద్దున్నే కంపెనీ గేటు ముందు ట్రాక్టరు ఆగింది. దాని వెనక ధాన్యం తోలుకునే ట్రైలరు. నడుపుతున్నది మా తమ్ముడు. మా వైపు పొలం ట్రైలర్లకి వెనక లైట్లంటూ ఉండవు, ఎవరూ అడగరు కూడా. దానికి మాత్రం రెండు కొత్త ఎర్రలైట్లు బిగించి ఉన్నాయి.

వాడు నా వంక చూడలేదు. నేరుగా బాబాయిగారి దగ్గరికి వెళ్లాడు. కళ్లెత్తకుండానే మాట్లాడాడు.

"లైట్లు పెట్టించేనండి. మా పిల్లలెక్కే ఆటో కూడా ఈ రోడ్డు మీదే వెళ్తాదండి. తవరోసారి చూసి బాగుందంటేనే ఇంటికి తోలుకెళ్తానండి."

బాబాయిగారు ట్రైలరు చుట్టూ ఒకసారి తిరిగారు. వంగి వైర్లు చూశారు. నేను ఆఫీసు మెట్ల మీద నిలబడిపోయాను. ఇలాంటి మనిషితో కలిసి పనిచేశానని, ఇలాంటివాడు నా తమ్ముడని, నాకు ఎంత గర్వమనిపించిందో.

"చూడ్డానికి టైము పడతాది బాబూ. సాయంత్రం దాకా ఉండాల్సొస్తాదేమోనండి" అన్నారు బాబాయిగారు.

"ఉంటానండి" అన్నాడు మా తమ్ముడు.